చంటిపిల్లల టీకాలు: తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

పుట్టగానే ఆస్పత్రిలో వేసే టీకాలు తప్పిపోవడం తక్కువ. నెలన్నరకు, రెండున్నర నెలలకు, మూడున్నర నెలలకు కూడా చాలామంది బిడ్డను గుర్తుగా తీసుకెళ్తారు. జారిపోయేవి ఆ తర్వాతివి: తొమ్మిదో నెల, ఏడాదిన్నర, ఐదేళ్లు, పదేళ్లు, పదహారేళ్లు. ఈ జవాబుల్లో వాటికే ఎక్కువ చోటు ఇచ్చాం. తేదీలు, మోతాదులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ప్రభుత్వం ఉచితంగా వేసే టీకాలవి. ప్రైవేటు డాక్టర్ల పట్టిక అక్కడక్కడ వేరుగా ఉంటుంది.

ఏ వయసులో ఏ టీకా వేయించాలి?

పుట్టగానే: బీసీజీ, హెపటైటిస్ బి సూది, రెండు పోలియో చుక్కలు.

6 వారాలకు: రెండు పోలియో చుక్కలు, రోటా చుక్కలు, ఎడమ తొడకు పెంటావాలెంట్, కుడి తొడకు పీసీవీ, కుడి జబ్బకు చర్మంలోకి పోలియో సూది.

10 వారాలకు: పోలియో చుక్కలు, రోటా చుక్కలు, పెంటావాలెంట్. ఈసారి ఒక్కటే సూది.

14 వారాలకు: 6 వారాలకు వేసినవన్నీ మళ్లీ.

9 నెలలు నిండాక: ఎంఆర్ మొదటి డోసు, పీసీవీ బూస్టర్, పోలియో సూది మూడోది, విటమిన్ ఎ ఒక మిల్లీలీటరు. మెదడువాపు జబ్బు ఉన్న జిల్లాల్లో జేఈ టీకా కూడా.

16 నుంచి 24 నెలల మధ్య: ఎంఆర్ రెండో డోసు, డీపీటీ బూస్టర్, పోలియో చుక్కల బూస్టర్, ఆ జిల్లాల్లో జేఈ రెండోది, విటమిన్ ఎ రెండు మిల్లీలీటర్లు. విటమిన్ ఎ అక్కడితో ఆగదు. ఐదేళ్లు నిండేదాకా ఆరు నెలలకోసారి తాగించాలి, మొత్తం 9 సార్లు.

5-6 ఏళ్లకు డీపీటీ రెండో బూస్టర్. 10 ఏళ్లకు ఒకటి, 16 ఏళ్లకు ఒకటి టీడీ సూది.

పెంటావాలెంట్ ఐదు జబ్బులకు ఒకే సూది: కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం, హెపటైటిస్ బి, హిబ్ (న్యుమోనియా, మెదడు పొరల వాపు తెచ్చే ఒక సూక్ష్మజీవి). పీసీవీ న్యుమోకాకస్ అనే సూక్ష్మజీవి తెచ్చే న్యుమోనియాకు, మెదడు పొరల వాపుకు. ఎంఆర్ అంటే తట్టు, రుబెల్లా. బీసీజీ క్షయకు, రోటా చుక్కలు నీళ్ల విరేచనాలకు. డీపీటీ కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతాలకు, టీడీ కంఠసర్పి, ధనుర్వాతాలకు.

హెపటైటిస్ బి సూది పుట్టిన 24 గంటల్లోనే పడాలంటారు. రేపో ఎల్లుండో వేయిస్తే ఏమవుతుంది?

తల్లి రక్తంలో ఈ వైరస్ ఉంటే కాన్పు సమయంలో బిడ్డకు అంటుకుంటుంది. పెద్దవాళ్లకు సోకితే ఎక్కువమందికి తగ్గిపోతుంది. అప్పుడే పుట్టిన బిడ్డకు సోకితే మాత్రం పదిమందిలో తొమ్మిదిమందిలో జీవితాంతం ఉండిపోయి, నలభై యాభై ఏళ్ల వయసులో కాలేయం గట్టిపడటంగానో క్యాన్సర్‌గానో బయటపడుతుంది. సోకిన వైరస్ కాలేయంలో పాతుకుపోకముందే శరీరం మేలుకోవాలి కాబట్టే గంటల లెక్క.

తల్లికి హెపటైటిస్ బి ఉందని పరీక్షలో ముందే తేలితే బిడ్డకు 12 గంటల్లోపు టీకాతో పాటు రెండో తొడకు ఇమ్యునోగ్లోబులిన్ (వైరస్‌ను అప్పటికప్పుడు అడ్డుకునే సిద్ధ రక్షణ) సూది కూడా వేయాలి. అది అన్ని ఆస్పత్రుల్లో దొరకదు. కాన్పు నెల రాకముందే డాక్టరుకు రిపోర్టు చూపించి, తెప్పించి ఉంచమని అడగండి. శుక్రవారం రాత్రి కాన్పయితే సోమవారం వేస్తామనే ఆస్పత్రులు ఇంకా ఉన్నాయి. ఊరుకోవద్దు.

ఈ టీకా ఒకప్పుడు విదేశాల నుంచే వచ్చేది, మధ్యతరగతికి అందే ధర కాదు. వరప్రసాద్ రెడ్డి స్థాపించిన హైదరాబాద్ కంపెనీ శాంతా బయోటెక్నిక్స్ 1997లో దాన్ని ఇక్కడే తయారుచేశాక ధర దిగింది.

కాన్పుకు పుట్టింటికి వచ్చాం. ఐదో నెలలో అత్తారింటికి వెళ్తాం. టీకాలు ఎక్కడ వేయించాలి?

ఏ ఊళ్లో ఉంటే ఆ ఊళ్లో. ఆధార్‌లో ఏ చిరునామా ఉన్నా, రేషన్ కార్డు ఏ జిల్లాదైనా టీకా ఆపకూడదు. తెలుగు ఇళ్లల్లో తొమ్మిదో నెల టీకా తప్పడానికి ఈ మకాం మార్పే పెద్ద కారణం. పుట్టింటి ఊరి ఏఎన్ఎం పట్టికలో బిడ్డ పేరుంటుంది, బిడ్డ ఉండదు. అత్తారింటి ఊళ్లో బిడ్డ ఉంటుంది, పేరుండదు. ఎవరూ కబురు పెట్టరు.

చేయాల్సినవి రెండే. బయల్దేరేముందు పాత ఊరి ఏఎన్ఎంకు ఎక్కడికి వెళ్తున్నారో చెప్పాలి. కొత్త ఊళ్లో దిగిన వారంలో ఆశా కార్యకర్తకో అంగన్‌వాడీ టీచరుకో తల్లీబిడ్డల రక్షణ కార్డు చూపించి పేరు రాయించాలి. టీకాల రోజు చాలా ఊళ్లలో బుధవారం, శనివారం. ఉపకేంద్రంలో ఏ రోజో, అంగన్‌వాడీలో ఏ రోజో వాళ్లే చెప్తారు. నగరాల్లో పట్టణ ఆరోగ్య కేంద్రాలు ఉన్నాయి, తెలంగాణలో బస్తీ దవాఖానాలూ ఉన్నాయి.

ఇటుక బట్టీలకు, కోతలకు, మేస్త్రీ పనులకు వలస వెళ్లే కుటుంబాలకూ ఇదే వర్తిస్తుంది. కార్డు మాత్రం సామాన్ల మూటలో కాకుండా బిడ్డను ఎత్తుకునేవాళ్ల దగ్గర ఉండాలి.

పురుడు మైల, మంచిరోజు అని ఆగిన ఇళ్లకు ఒక మాట: పుట్టినప్పటి పోలియో చుక్కలకు గడువు 15 రోజులే. ఇరవై ఒకటో రోజు దాకా బయటికి తేకపోతే ఆ డోసు ఇక లేనట్టే.

ఒకే రోజు మూడు సూదులా? పసిబిడ్డ తట్టుకుంటుందా?

తట్టుకుంటుంది. పుట్టినప్పటి నుంచి పాలతో, గాలితో, మన చేతులతో ప్రతిరోజూ లక్షల సూక్ష్మజీవులు బిడ్డ ఒంట్లోకి చేరుతూనే ఉంటాయి. మూడు టీకాల్లో ఉండే భాగాలు వాటి ముందు చాలా తక్కువ. విడివిడిగా వేయిస్తే బిడ్డ మూడు రోజులు ఏడుస్తుంది, మీరు మూడుసార్లు పని మానుకోవాలి, ఈలోగా జబ్బుకు తలుపు తెరిచి ఉంటుంది.

నొప్పి తగ్గించే మార్గం ఉంది. సూది వేసేటప్పుడు బిడ్డను బల్లమీద పడుకోబెట్టకుండా తల్లి ఒడిలో నిటారుగా పట్టుకోవాలి. సూదికి ముందో, వేస్తుండగానో చనుబాలు పట్టొచ్చు. రోటా చుక్కలకు, పోలియో చుక్కలకు ముందూ వెనకా కూడా పాలు ఇవ్వొచ్చు, గంట ఆగనక్కర్లేదు. చుక్కలు వెంటనే కక్కేస్తే ఇంటికి రాకముందే ఏఎన్ఎంకు చెప్పండి.

బిడ్డకు జలుబు చేసింది. వేయించాలా, వారం ఆగాలా?

జలుబు, కొద్దిపాటి దగ్గు, తక్కువ జ్వరం, విరేచనాలు, యాంటీబయాటిక్ కోర్సు నడవడం, బరువు తక్కువగా ఉండటం, ఇంట్లో ఎవరికో మూర్ఛ ఉండటం: ఇవేవీ ఆపడానికి కారణాలు కావు. చంటిబిడ్డకు ఏడాదిలో ఆరేడుసార్లు జలుబు చేస్తుంది. ప్రతిసారీ ఆగితే టీకా ఎప్పటికీ పడదు. బరువు తక్కువున్న బిడ్డకు జబ్బు వస్తే ఎక్కువ ప్రమాదం, కాబట్టి ఆ బిడ్డకే ముందు వేయించాలి.

ఒళ్లు కాలిపోయే జ్వరంతో, ఆయాసంతో, పాలు తాగలేని స్థితిలో ఉంటే మాత్రం ముందు వైద్యం. తేరుకోగానే టీకా.

నిజంగా ఆపాల్సినవి కొన్నే. ముందు డోసుకు ఒళ్లంతా దద్దుర్లు, ముఖం వాపు, ఊపిరాడకపోవడం లాంటి తీవ్రమైన అలర్జీ వచ్చి ఉంటే ఆ టీకా మళ్లీ వేయరు. కోరింత దగ్గు టీకా పడిన వారంలోపు, వేరే కారణమేదీ లేకుండా మెదడుకు సంబంధించిన తీవ్ర జబ్బు వచ్చి ఉంటే పెంటావాలెంట్, డీపీటీ ఇవ్వరు. పుట్టుకతో రోగనిరోధక శక్తి లోపం ఉన్నా, క్యాన్సర్ మందులు వాడుతున్నా, ఎక్కువ మోతాదులో స్టెరాయిడ్లు రెండు వారాలకు మించి వాడినా ఎంఆర్, బీసీజీ లాంటి బతికున్న క్రిములతో చేసే టీకాల విషయం డాక్టరే తేల్చాలి. రక్తం ఎక్కించి ఉంటే ఎంఆర్ కొన్ని నెలలు వాయిదా పడొచ్చు. కోడిగుడ్డు పడకపోయినా ఎంఆర్ వేయించవచ్చు.

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు వయసు ఎలా లెక్కేయాలి?

పుట్టిన తేదీ నుంచే. రెండు నెలలు ముందు పుట్టింది కదా అని ఆరు వారాల టీకాకు మరో రెండు నెలలు కలపకూడదు. బిడ్డ స్థిరంగా ఉంటే చాలు. చాలా తక్కువ బరువుంటే పుట్టినప్పటి బీసీజీ, హెపటైటిస్ బి ఎప్పుడు వేయాలో ఎస్‌ఎన్‌సీయూ (పసికందుల ప్రత్యేక వైద్య విభాగం) డాక్టరు చెప్తారు. డిశ్చార్జి రోజున ఆ సంగతి అడిగి కార్డులో రాయించుకోవాలి. ఎక్కువగా మరిచిపోయేది అక్కడే.

టీకా వేశాక జ్వరం వచ్చింది. పారాసిటమాల్ ఎంత?

పెంటావాలెంట్, డీపీటీ తర్వాత అదే రోజు రాత్రి జ్వరం రావడం మామూలే. ఒకటి రెండు రోజుల్లో పోతుంది.

మోతాదు బిడ్డ బరువును బట్టి: కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు. ఐదు కిలోల బిడ్డకు ఒక్కసారికి 50 నుంచి 75 మిల్లీగ్రాములు. ఆరు గంటలు గడవకుండా మళ్లీ వేయొద్దు, రోజుకు నాలుగుసార్లు దాటొద్దు.

పొరపాటు జరిగేది సీసా దగ్గర. పసిపిల్లల డ్రాప్స్‌లో సాధారణంగా ఒక మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. సిరప్‌లో 5 మిల్లీలీటర్లకు 125 లేదా 250. అంటే ఐదు కిలోల బిడ్డకు డ్రాప్స్ అయితే 0.5 నుంచి 0.75 మిల్లీలీటరు, 125 సిరప్ అయితే 2 నుంచి 3 మిల్లీలీటర్లు. సిరప్ కొలత గుర్తుంచుకుని డ్రాప్స్ సీసాలోంచి పోస్తే నాలుగు రెట్లు పడుతుంది, కాలేయానికి ముప్పు. లేబుల్ చదివి, సీసాతో వచ్చిన డ్రాపర్‌తోనే కొలవాలి. ఇంట్లో చెంచా పనికిరాదు.

జ్వరం రాకముందే, టీకాకు వెళ్లేముందే వేసేయడం మంచిది కాదు. కొన్ని టీకాలకు శరీరం స్పందించే తీరు దానివల్ల కాస్త తగ్గుతుందని పరిశోధనలో తేలింది. ఆస్పిరిన్ పిల్లలకు అసలు ఇవ్వొద్దు. గోరువెచ్చని నీళ్లలో ముంచిన తడిగుడ్డతో ఒళ్లు తుడవండి, పల్చటి బట్టలు వేయండి, పాలు మానకండి.

తట్టు టీకా జ్వరం లెక్క వేరు. అది వెంటనే రాదు, 5 నుంచి 12 రోజుల మధ్య వస్తుంది, ఒక్కోసారి సన్నటి దద్దుర్లతో. అప్పటికి టీకా సంగతి మరచిపోయి వేరే జ్వరమేమో అని కంగారుపడతారు.

సూది వేసిన చోట గడ్డ కట్టింది. కాపడం పెట్టొచ్చా?

వద్దు. వేడి కాపడం, రుద్దడం, బామ్, పసుపు, సున్నం ఏవీ వద్దు. చల్లటి నీళ్లలో ముంచిన శుభ్రమైన గుడ్డ పెడితే నొప్పి తగ్గుతుంది. చిన్న గట్టి గడ్డ కొన్ని వారాలు ఉండి తానే కరిగిపోతుంది. అది ఎర్రబడి, వేడెక్కి, రోజురోజుకీ పెరుగుతూ చీము పడుతుంటే పీహెచ్‌సీకి వెళ్లాలి.

బీసీజీ మాత్రం పుండు పడాల్సిందే. ఎడమ జబ్బ మీద రెండు నుంచి నాలుగు వారాలకు చిన్న బుడిపె లేస్తుంది, పగిలి నీరు కారుతుంది, ఎండి మచ్చ మిగులుతుంది. దానికి మందు రాయొద్దు, కట్టు కట్టొద్దు, సాధారణ స్నానం సరిపోతుంది. మచ్చ పడకపోయినా మళ్లీ బీసీజీ వేయించనక్కర్లేదు. అదే వైపు చంకలో బిళ్ల పెద్దగా ఉబ్బితే డాక్టరుకు చూపించండి.

ఎప్పుడు పరుగెత్తాలి?

టీకా తర్వాత అరగంట అక్కడే కూర్చోమంటారు. ఎండ, బస్సు, వంట అని పది నిమిషాలకే లేచిపోతారు. తీవ్రమైన అలర్జీ రావడం చాలా అరుదు, దాదాపు పది లక్షల డోసులకు ఒకటి. వస్తే మాత్రం ఎక్కువగా ఆ అరగంటలోనే వస్తుంది. ఏఎన్ఎం దగ్గర అడ్రినలిన్ సూదితో కిట్టు ఉంటుంది, బస్సులో ఉండదు.

ఇంటికొచ్చాక ఇవి కనిపిస్తే వెంటనే ఆస్పత్రికి, 108కి ఫోను చేయండి: మూడు గంటలకు మించి ఆగని ఏడుపు, ఫిట్స్, బిడ్డ వేలాడిపోయి పలకకపోవడం, ఊపిరి కష్టం, రంగు పాలిపోవడం లేదా నీలంగా మారడం. రోటా చుక్కలు వేసిన కొన్ని రోజులకు బిడ్డ కాళ్లు పొట్టకు ముడుచుకుని ఉండి ఉండి గుక్కపట్టి ఏడుస్తూ, వాంతులు చేసుకుంటూ, విరేచనంలో రక్తం పడితే పేగులో ఒక భాగం పక్క భాగంలోకి దూరి ఉండొచ్చు. ఇది చాలా అరుదు, టీకా వేయని బిడ్డలకూ వస్తుంది, కానీ గంటల్లో వైద్యం అందాలి. జ్వరం రెండు రోజులు దాటినా చూపించండి. మూడు నెలల లోపు బిడ్డకు జ్వరం ఎక్కువగా ఉంటే అంతదాకా కూడా ఆగొద్దు.

మధ్యలో నాలుగు నెలలు మానేశాం. మళ్లీ మొదటి నుంచి వేయించాలా?

అక్కర్లేదు. ఆగిన చోటినుంచే. వేసిన డోసు వృథా కాదు. డోసుల మధ్య కనీసం 4 వారాల ఎడం ఉంటే చాలు, ఎక్కువైనా ఫరవాలేదు. తొందరపడి మూడు వారాలకే వేయిస్తే మాత్రం సరిగ్గా పనిచేయదు.

గడువులు గుర్తుంచుకోవాలి. బీసీజీ ఏడాదిలోపు. రోటా, పెంటావాలెంట్ మొదటి డోసు ఏడాది నిండేలోపు మొదలవ్వాలి, మొదలైతే మిగతావి తర్వాతైనా పూర్తిచేస్తారు. ఏడాది దాటినా ఒక్కటీ పడని బిడ్డకు పెంటావాలెంట్ బదులు డీపీటీ వేస్తారు, అది 7 ఏళ్ల దాకా. పోలియో చుక్కలు, ఎంఆర్ 5 ఏళ్ల దాకా. జేఈ 15 ఏళ్ల దాకా. కార్డు లేదనో ఆలస్యమైందనో తిట్లు తినాల్సి వస్తుందని కొందరు తల్లులు అసలు వెళ్లరు. వెళ్లండి. తిట్టినా టీకా పడుతుంది.

తట్టు వస్తే వచ్చిపోతుంది, అమ్మవారు పోసిందని వేపాకు కడితే తగ్గేది. టీకా ఎందుకు?

వేపాకు మీద మాకు తగువు లేదు. తట్టు, ఆటలమ్మ ఒకటి కాదన్నదే మా మాట. ఆటలమ్మ నీటి పొక్కులతో వస్తుంది, చాలామంది పిల్లల్లో తేలిగ్గా పోతుంది. తట్టు ముందు జ్వరం, దగ్గు, ముక్కు కారడం, కళ్లు ఎర్రబడటంతో మొదలై, ముఖం నుంచి కిందికి ఎర్రటి దద్దుర్లుగా దిగుతుంది. చంపేది దద్దుర్లు కాదు. వెనకాల వచ్చే న్యుమోనియా, విరేచనాలు, మెదడువాపు. విటమిన్ ఎ తక్కువున్న పిల్లల్లో చూపు పోతుంది. తగ్గిన తర్వాత కూడా, అంతకుముందు శరీరం నేర్చుకున్న రోగనిరోధక జ్ఞాపకంలో కొంత చెరిపేసి పోతుంది. అందుకే తట్టు వచ్చిన బిడ్డ తర్వాత నెలల తరబడి ఏదో ఒక జబ్బుతో తీసుకుంటూనే ఉంటుంది.

ఇంతగా అంటుకునే జబ్బు ఇంకోటి లేదనే చెప్పాలి. రోగి గదిలోంచి వెళ్లిపోయాక కూడా రెండు గంటల దాకా వైరస్ గాలిలో ఉంటుంది. ఒక్కరి నుంచి, రక్షణ లేని 12 నుంచి 18 మందికి సోకుతుంది. ఊళ్లో నూటికి 95 మందికి రెండు డోసులూ పడితేనే అది నిలవలేక ఆగిపోతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఏడాది నుంచి రెండేళ్ల మధ్య పిల్లల్లో ప్రాథమిక టీకాలన్నీ పడినవారు దేశం మొత్తంమీద నూటికి 76 మందే.

మొదటి డోసు తొమ్మిదో నెలలో ఎందుకంటే, తల్లి నుంచి వచ్చిన రక్షణ అప్పటికి తగ్గుతుంది. కొందరిలో ఇంకా కొంత మిగిలి ఉండి టీకా పనిని అడ్డుకుంటుంది. దానివల్ల తొమ్మిదో నెల డోసు నూటికి 85 మందిలోనే పట్టుకుంటుంది. రెండోది మొదటిదానికి బలం చేకూర్చడానికి కాదు, ఆ మిగిలిన 15 మందిని పట్టుకోవడానికి. మీ బిడ్డ ఏ లెక్కలో ఉందో ఎవరికీ తెలియదు కాబట్టి అందరికీ రెండు.

ఇంట్లో తట్టు వస్తే బిడ్డను ఆస్పత్రికి చూపించాలి, వయసును బట్టి విటమిన్ ఎ రెండు రోజులు వరసగా తాగిస్తారు. ఏఎన్ఎంకు కబురు పెడితే చుట్టుపక్కల టీకా పడని పిల్లలను వెతుకుతారు.

ఐదేళ్ల బూస్టర్, పదేళ్ల సూది అంత ముఖ్యమా? చిన్నప్పుడు అన్నీ వేయించాం కదా.

కంఠసర్పి గురించి ఇప్పటి తల్లిదండ్రులు విననే లేదు. 2000 తర్వాత కూడా హైదరాబాద్ నల్లకుంట ఫీవర్ ఆస్పత్రికి ఆ కేసులు వచ్చాయి. గొంతులో బూడిదరంగు పొర కట్టి ఊపిరి ఆడదు, దాని విషం గుండెను, నరాలను దెబ్బతీస్తుంది. మెడ ఎద్దు మెడలా వాస్తుంది. విషానికి విరుగుడు సీరం ఉంది, కానీ ఆలస్యమైతే అప్పటికే గుండెకు పట్టుకున్న విషాన్ని అది తీయలేదు.

ఈ టీకా రక్షణ ఏళ్లు గడిచేకొద్దీ పలచబడుతుంది. పసితనంలో మూడు డోసులు, ఏడాదిన్నరకు ఒకటి, ఐదేళ్లకు ఒకటి, పదికి, పదహారుకు ఒక్కొక్కటి పెట్టింది అందుకే. చంటిపిల్లలకు టీకాలు పెరిగినకొద్దీ ఈ జబ్బు బడి వయసు పిల్లల్లో ఎక్కువగా కనిపిస్తోంది, ఎందుకంటే ఆగిపోయేది బూస్టర్ల దగ్గరే. ఐదేళ్ల సూదికి గుర్తుపెట్టుకునే చిట్కా: ఒకటో తరగతిలో చేర్పించే వేసవిలో.

ధనుర్వాతానిది ఇంకో లెక్క. దాని బీజాలు మట్టిలో, పేడలో ఉంటాయి, మనిషి నుంచి మనిషికి అంటదు. ఊరంతా టీకా వేయించుకున్నా వేయించుకోని పిల్లవాడికి ఆ రక్షణ రాదు. ఎవరి సూది వాళ్లదే.

పోలియో పోయింది కదా. ఇంకా చుక్కలు, సూదులు రెండూ ఎందుకు?

దేశంలో సహజ పోలియో చివరి కేసు 2011 జనవరిలో, పశ్చిమ బెంగాల్‌లోని హౌరాలో. 2014 మార్చి 27న మన ప్రాంతం పోలియోరహితమని ధ్రువీకరించారు. పొరుగున పాకిస్తాన్, అఫ్గానిస్తాన్‌లలో అది ఇంకా ఉంది, ఒక విమాన ప్రయాణం దూరంలో.

రెండూ ఎందుకన్నదానికి జవాబు హైదరాబాద్‌లోనే ఉంది. చుక్కల మందులో బలహీనపరిచిన బతికున్న వైరస్ ఉంటుంది. టీకాలు సరిగా పడని చోట అది చాలాకాలం ఒకరి నుంచి ఒకరికి తిరిగితే మళ్లీ బలం పుంజుకోవచ్చు. 2016 ఏప్రిల్‌లో చుక్కల మందులోంచి రెండో రకం వైరస్‌ను తీసేశారు. ఆ తర్వాత కొద్ది వారాలకే హైదరాబాద్ అంబర్‌పేట మురుగునీటి నమూనాలో టీకా నుంచి పుట్టిన రెండో రకం వైరస్ దొరికింది. కేసు ఏదీ లేదు. అయినా జూన్‌లో హైదరాబాద్, రంగారెడ్డి జిల్లాల్లో సుమారు 3 లక్షల మంది చిన్నపిల్లలకు పోలియో సూది వేశారు. ఇప్పుడు చుక్కలు ఒకటి, మూడు రకాల నుంచి కాపాడతాయి, పేగుల్లో కూడా వైరస్‌ను అడ్డుకుంటాయి. సూదిలో మూడు రకాలూ ఉంటాయి. మామూలు డోసులో ఐదో వంతు, 0.1 మిల్లీలీటరు చర్మంలోకి వేస్తారు. తొమ్మిదో నెలలో వేసే మూడోది 2023 నుంచి వచ్చింది, కాబట్టి అంతకుముందు పుట్టిన అన్నయ్యకో అక్కకో లేదే అని అనుమానపడొద్దు.

పల్స్ పోలియో ఆదివారం చుక్కలు అదనం. కార్డులో అన్నీ ఉన్నా, నిన్ననే వేయించినా, మళ్లీ వేయించాలి.

ప్రైవేటులో ‘నొప్పి లేని టీకా’ ఉంది. అదే మంచిదా?

జ్వరం, నొప్పి తక్కువ, నిజమే. కోరింత దగ్గు క్రిమి మొత్తాన్ని కాకుండా దానిలో కొన్ని ముక్కలనే వాడతారు. అయితే దాని రక్షణ త్వరగా తగ్గిపోతుంది. ఒక రాత్రి జ్వరానికి భయపడి వేలు ఖర్చుపెట్టాల్సిన పని లేదన్నదే మా అభిప్రాయం. ఖర్చుకు వెనుకాడి తర్వాతి డోసు మానేయడం అన్నిటికన్నా నష్టం. ముందు డోసుకు తీవ్రంగా ఇబ్బందిపడ్డ బిడ్డ విషయంలో డాక్టరు సూచిస్తే అది వేరు.

డబ్బు ఉంటే ప్రభుత్వ పట్టికలో లేనివాటికి పెట్టండి: టైఫాయిడ్ కాంజుగేట్, గవదబిళ్లలు కూడా కలిసిన ఎంఎంఆర్, ఆటలమ్మ, హెపటైటిస్ ఎ, ఏటా ఫ్లూ. మన ఊళ్ల నీళ్ల పరిస్థితి చూస్తే ఈ వరసలో మొదటిది టైఫాయిడే.

ప్రభుత్వ టీకా పాడైపోయి ఉండదా? కరెంటు పోతుంటుంది కదా.

అడగాల్సిన ప్రశ్నే. టీకాలు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. వేడి తగిలితే పోలియో చుక్కలు, ఎంఆర్, బీసీజీ పాడవుతాయి. గడ్డకడితే పెంటావాలెంట్, డీపీటీ, హెపటైటిస్ బి, పీసీవీ, పోలియో సూది పాడవుతాయి. ఎక్కువమంది వేడికే భయపడతారు, ఐస్‌కు ఆనించి పెడితే కలిగే నష్టం కంటికి కనబడదు. అందుకే క్యారియర్‌లో పెట్టే ఐస్ ప్యాకులను, ఊపితే లోపల నీళ్ల చప్పుడు వినిపించేదాకా బయట ఉంచి ఆ తర్వాతే పెట్టాలి.

మీరు చూడగలిగినవి మూడు. సీసా మీద గుండ్రటి గుర్తు లోపల చతురస్రం ఉంటుంది. లోపలి చతురస్రం బయటి వలయం కన్నా లేత రంగులో ఉంటే టీకా మంచిది, సమానంగా గానీ ముదురుగా గానీ ఉంటే వేయకూడదు. సిరంజి మీ ఎదుటే కొత్త ప్యాకెట్లోంచి తీయాలి. ప్రభుత్వ సిరంజి ఒక్కసారి వాడాక తానే లాక్ అయిపోతుంది. ఎంఆర్, బీసీజీ, జేఈ పొడిగా వస్తాయి, నీళ్లు కలిపాక 4 గంటలకు మించి వాడకూడదు. సీసా మీద కలిపిన సమయం రాసి ఉండాలి. ఆ గడువు దాటిన సీసాలో బాక్టీరియా పెరిగి పిల్లల ప్రాణాల మీదికి వచ్చిన ఘటనలున్నాయి, అందుకే ఈ నియమం.

‘పదిమంది లేరు, సీసా విప్పను, వచ్చే వారం రండి’ అంటే ఒప్పుకోనక్కర్లేదు. ఒక్క బిడ్డ వచ్చినా సీసా విప్పాలన్నదే ప్రభుత్వ నిబంధన. మందుల షాపులో కొని, చేతిసంచిలో వేసుకుని క్లినిక్‌కు నడిచే టీకా మీదైతే మాకు ఇంతకన్నా ఎక్కువ అనుమానం.

ఆటిజం వస్తుందంటారు, పిల్లలు పుట్టరంటారు. నిజమేనా?

ఆటిజం మాట 1998లో ఇంగ్లండ్‌లో వచ్చిన ఒక వ్యాసం నుంచి పుట్టింది. 12 మంది పిల్లల మీద రాసిన ఆ వ్యాసాన్ని 2010లో పత్రికే ఉపసంహరించుకుంది, రాసిన వేక్‌ఫీల్డ్ డాక్టరు లైసెన్సు కూడా పోయింది. డెన్మార్క్‌లో 6.5 లక్షలకు పైగా పిల్లలను ఏళ్ల తరబడి గమనించి 2019లో ప్రచురించిన అధ్యయనంలో ఎంఎంఆర్ వేసిన వారికీ వేయని వారికీ ఆటిజంలో తేడా కనబడలేదు. మాటలు ఆలస్యం కావడం, పిలిస్తే చూడకపోవడం తల్లిదండ్రులు గమనించే వయసు, ఎంఆర్ రెండో డోసు వయసు ఒకటే. అక్కడే ముడిపడిపోయింది.

పిల్లలు పుట్టరన్న పుకారు 2017లో దక్షిణాదిలో 9 నెలల నుంచి 15 ఏళ్ల పిల్లలకు ఎంఆర్ వేసినప్పుడు వాట్సాప్‌లో జోరుగా తిరిగింది. ఆ టీకాలో ఉన్నది తట్టు, రుబెల్లా వైరస్‌లే. తలకిందులుగా చెప్తున్నారు: గర్భం మొదటి నెలల్లో తల్లికి రుబెల్లా సోకితే గర్భం పోవచ్చు, లేదా బిడ్డ చెవుడుతో, గుండె లోపంతో, కంటి శుక్లాలతో పుట్టవచ్చు. ఆడపిల్లకు ఈ టీకా పడటం రేపు ఆమె బిడ్డకు రక్షణ.

కార్డు పోయింది. ఏం చేయాలి?

టీకా వేసిన ఏఎన్ఎం రిజిస్టరులో ఉంటుంది, అక్కడినుంచి కొత్త కార్డు రాయించుకోండి. కాన్పు జరిగిన ఆస్పత్రి డిశ్చార్జి చీటీలో పుట్టినప్పటి డోసులు ఉంటాయి. ప్రభుత్వ టీకాల నమోదుకు ఉన్న యూ-విన్ పోర్టల్‌లో నమోదై ఉంటే మీ మొబైల్ నంబరుతో సర్టిఫికెట్ డౌన్‌లోడ్ అవుతుంది. నంబరు మారిస్తే అక్కడ మార్పించడం మరచిపోవద్దు. ఎక్కడా దొరకకపోతే, పడ్డాయో లేదో తెలియని డోసులు మళ్లీ వేస్తారు. రెండోసారి పడినా బిడ్డకు హాని లేదు. ప్రతి టీకా రోజూ ఇంటికి రాగానే కార్డు రెండు వైపులా ఫోటో తీసి ఇద్దరి ఫోన్లలో ఉంచుకోండి.

అమెరికా వెళ్తున్నాం. బడిలో మన కార్డు ఒప్పుకుంటారా?

ఒప్పుకుంటారు, కానీ కొన్ని డోసులను లెక్కలోకి తీసుకోరు. తేదీ, నెల, సంవత్సరం స్పష్టంగా ఉండాలి. మనం 03/07 అని రాస్తే వాళ్లు మార్చి 7 అని చదువుతారు, కాబట్టి నెల పేరును అక్షరాల్లో రాయించుకోండి.

మొదటి పుట్టినరోజుకు ముందు వేసిన తట్టు టీకా అక్కడ చెల్లదు, మన తొమ్మిదో నెల డోసు పోయినట్టే. మన ఎంఆర్‌లో గవదబిళ్లల టీకా లేదు. అందుకని ఏడాది నిండాక రెండు ఎంఎంఆర్ డోసులు, కనీసం 4 వారాల ఎడంతో కావాలి. హెపటైటిస్ బి చివరి డోసు 24 వారాల వయసు తర్వాత పడి ఉండాలని వాళ్ల నియమం, మనది 14 వారాలకే ముగుస్తుంది, ఇంకొకటి వేయించాల్సి వస్తుంది. 2016 ఏప్రిల్ తర్వాత వేసిన పోలియో చుక్కలను లెక్కపెట్టరు, పూర్తి డోసు సూదులు అడుగుతారు. ఆటలమ్మ టీకా రెండు డోసులు చాలా రాష్ట్రాల్లో తప్పనిసరి. బీసీజీ వేసిన పిల్లలకు చర్మం మీద చేసే టీబీ పరీక్ష తప్పుగా పాజిటివ్ రావచ్చు, రక్త పరీక్ష చేయమని అడగండి.

వీసా రాగానే పిల్లల డాక్టరు దగ్గర కూర్చుని ఈ లోటు టీకాలన్నీ రాయించుకుంటే, ప్రయాణానికి రెండు నెలల ముందు మొదలుపెట్టి ఇక్కడే చాలావరకు పూర్తిచేయవచ్చు. వారం ముందు మొదలుపెడితే 4 వారాల ఎడం కుదరదు.